అలాగే గారు

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ‘అలాగే గారు’ అంటారు. ఏం చెప్పినా తలూపి ‘అలాగేనమ్మా’ అనడమే. సైన్యంలో పద్దెనిమిదేళ్ళు ఫిరంగుల దగ్గర పనిచేశారు. ఆ వినయం అక్కడే అబ్బిందనుకునేదాన్ని. టైమాఫీసు గుమాస్తాగా తొమ్మిదేళ్ళ నా సణుగుడంతా ఆయన దగ్గరే వెళ్ళబోసుకున్నాను.

మాజీ సైనికులకు వైద్యం, మందులు, కళ్ళజోళ్ళు, చెవి మిషన్లు ఉచితమనీ, పనిచేసేచోటే పేరివ్వాలనీ పైనుంచి కాగితం వచ్చింది. శుక్రవారం ఐదింటికి గడువు. వారమంతా మైకులో గొంతు చించుకున్నాను. వాచ్‌మన్లిద్దరూ, లారీ డ్రైవరూ పేర్లిచ్చారు. అలాగే గారు మాత్రం రాలేదు. ఎదురుపడి అడిగితే ‘అలాగేనమ్మా’ అని వెళ్ళిపోయేవారు.

శుక్రవారం పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నాలుగున్నరకి ఆయన భార్య ఫోన్ చేసింది.

“వంటింట్లోంచి ఏమడిగినా ఉలుకూ పలుకూ లేదమ్మా. రెండేళ్ళయింది. నామీద ఏం కోపమో! ఇక మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఆయనకి చెప్పండి.”

ప్యాకింగు సెక్షనుకి పరిగెత్తాను. కటింగు మిషన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

“మీ ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోతోందటండీ!”

ఆయన చిరునవ్వు నవ్వారు. “అలాగేనమ్మా.”

ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత చూశాను, ఆయన కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఇంతేనా? సిగ్గుతో చచ్చిపోయాను. అట్టముక్క మీద రాశాను: ‘మీకు వినపడదా?’

ఆయన చుట్టూ చూశారు.

“ఎవరికీ చెప్పకండమ్మా. ఉద్యోగం తీసేస్తారు.”

చేతిలో ఉన్న ఆ కాగితం ముందు పెట్టి మూడో పేరా చూపించాను. పేరిచ్చినందుకు ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదని అందులో ఉంది. పొడుగ్గా ఉందని మైకులో నేను ఏ రోజూ చదవని పేరా అదే. ఆయన వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. ఐదుకి పది నిమిషాలుండగా సంతకం చేశారు.

“ఇందాక ఏదో అన్నారు కదమ్మా, ఏమిటది?”

చెయ్యి రాకపోయినా అట్ట తిప్పి, భార్య అన్నదంతా రాశాను.

“కోపమా? నాకా?” ఆయన గొంతు మిషన్లని మించి వినపడింది. “మీరే ఫోన్ చేసి చెప్పండమ్మా. నేను చేస్తే ఆవిడ ఉంటానందో, పోతానందో నాకెలా తెలుస్తుంది?”

ఫోన్ కలిపాను. అది మోగుతున్నంతసేపూ ఆయన నా పెదాలకేసే చూస్తూ నిలబడ్డారు.