లోజ్వా పిల్ల నోరు విప్పిన రోజు

జారు చక్రవర్తుల కాలంలో, సోస్వా నది ఒడ్డుకు కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మర్పా నోరు మూతపడింది. కారణం చేప! పుట్టింటివైపు, లోజ్వా నది మీద, చేపను ‘కుల్’ అంటారు. అత్తింటివాళ్ళు ‘ఖూల్’ అంటారు. పడవ దగ్గరా అదే గొడవ: ఈమెకు ‘కాప్’, వాళ్ళకు ‘ఖాప్’. అందరూ మాన్సీ తెగవాళ్ళే, ఏం లాభం!

“అమ్మా, కాకి కూస్తోందే!” అని ఆడపడుచు తాత్యా పగలబడి నవ్వేది.

అంతే, మర్పా తలూపడానికి అలవాటు పడిపోయింది. బిడ్డ పుట్టాక అసలు బాధ మొదలైంది. బెరడు ఉయ్యాల ఊపుతూ పెదవులు బిగించి కూనిరాగం తీసేదే తప్ప, జోలపాటలో ఒక్క మాటా పైకి రానిచ్చేది కాదు. తల్లి మాట వినకుండానే పిల్ల పెరిగిపోతుందేమోనని కుమిలిపోయేది.

ఆ చలికాలం మాటలు ఏరుకునే పరదేశి ఒకడు రెయిన్‌డీర్ల జారుబండి మీద దిగాడు. పొయ్యి పక్కన కూర్చుని, వచ్చీరాని మాన్సీ భాషలో, కనిపించిన ప్రతిదాన్నీ చూపించి “ఇదేంటి?” అనేవాడు. తాత్యాకు ఎక్కడలేని హుషారు, అన్నిటికీ తనే మాటలు చెప్పేది! మామగారి ఎదుట మొహం మీదికి శాలువా లాక్కుని మర్పా ఓ మూల చేపలు తోముతోంది. ఇంతలో కుక్క ఒక చేపను కరుచుకుని గుమ్మం దాటబోయింది.

“కుల్! కుల్!” అని కేకేసింది మర్పా.

ఇల్లంతా ఘొల్లుమంది. పరదేశి మాత్రం పెన్సిలు పట్టుకుని లేచాడు.

“ఇంకోసారి అను తల్లీ! నీది లోజ్వానా?”

“అది రాయకయ్యా, తప్పు మాట,” అంది తాత్యా.

“తప్పెలా అవుతుందమ్మా? వాళ్ళమ్మ నేర్పిందేగా! లోజ్వా వెళ్దామంటే మంచు దారి మూసేసింది. ఆ లోజ్వానే ఇక్కడికొచ్చింది! నీ మాట పక్కనే ఈమెదీ రాసుకుంటా. రెండూ చేపే.”

“మరి కుక్క పట్టుకుపోయింది ఏ చేపో?” అన్నారు మామగారు.

ఈసారి నవ్వులో మర్పా కూడా కలిసింది, శాలువా లోపలే. పొద్దు వాలేదాకా నిప్పు, మంచు, ఉయ్యాల అంటూ ఆమె చెబుతూనే ఉంది, అతను రాసుకుంటూనే ఉన్నాడు.

అతను మళ్ళీ రాలేదు. ముసలిదయ్యాక కూడా, ఏ బాటసారి వచ్చినా పెద్ద చేప ముక్క వాళ్ళ గిన్నెలోనే వేసేది మర్పా. “నా నోరు నాకిచ్చినాయన ఇలాగే మంచులోంచి వచ్చాడు” అనేది.

పరదేశి మాటలు రాసుకున్న ఆ రోజు సాయంత్రమే, బిడ్డ ఏడిస్తే మర్పా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకుంది. జోల మొత్తం, లోజ్వా మాటల్లోనే, పైకి పాడింది. తాత్యా ఏదో అనబోతే అత్తగారు కూతుర్ని మోచేత్తో పొడిచింది.

“నువ్వుండవే! ఏమ్మా కోడలా, ఆ చివరి ముక్క ఇంకోసారి పాడు. పిల్లకి నిద్రొచ్చింది గానీ, నాకింకా అర్థం కాలేదు.”