చిట్టి సగం వేసిన బంగారం

చిట్టితల్లీ, నువ్వు నెమలి ఊళ్ళోని గుడి దగ్గర కొనుక్కొచ్చిన మట్టి కృష్ణుణ్ణి ఈ రోజు అల్మారాలోంచి దించాను. పిల్లనగ్రోవికి, ఒక చేతికి పల్చటి బంగారు రేకు అంటించి, మిగతాది తర్వాత చేస్తానన్నావు. ఆ తర్వాత జ్వరమొచ్చి నువ్వే లేకుండా పోయావు. ఆ మిగతాది నేను పూర్తి చేద్దామనుకున్నాను.

జిగురు రాసి రేకు ఎత్తాను. ఉక్కగా ఉందని ఫ్యాను వేసుకుని కూర్చున్నానేమో, అది ఎగిరొచ్చి నా బుగ్గకే అంటుకుంది. ఫ్యాను ఆపితే, ఈసారి చేతులు వణికి రేకు చిరిగిపోయింది. నీ పని పాడుచేస్తున్నానని ఏడుపొచ్చింది.

అప్పుడే పక్కింటి పద్మ తోడు పెరుగు కోసం వచ్చింది.

"ఏంటి వదినా, స్వామికి వెయ్యాల్సింది నువ్వే వేసుకున్నావా?" అని నవ్వి, నా చెయ్యి పట్టుకుని చూసింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అసలు?"

"ఇది పూర్తయ్యాక తింటాలే."

"చిట్టి కూడా అచ్చం ఇలాగే తర్వాత, తర్వాత అనేది. లే ముందు!"

పప్పన్నంలో ఆవకాయ కలిపి పెట్టింది. చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను. చేతులు కుదురుకున్నాయి. ఆ తర్వాత వేసిన రేకు కృష్ణుడి భుజం మీద నిలిచింది. నువ్వు వేసినంత నున్నగా రాలేదు తల్లీ, ముడతలు పడింది. అవి పడకుండా ఎలా వెయ్యాలో, ఇది చదివేవాళ్ళలో తెలిసినవాళ్ళుంటే కాస్త చెప్పండి. నా బుగ్గ మీద మాత్రం ఒక్క ముడత లేకుండా అంటింది!

మీరూ, చేతిలో ఏ పనున్నా కాసేపు పక్కన పెట్టండి. కడుపునిండా అన్నం తినండి.