ముక్క ఎగిరితే కదలకూడదు

మ్యూజియం వెనక గదిలో పనిచేసే ఆమెను అందరూ నత్తమ్మ అంటారు. ఆమె కోపం తెచ్చుకోదు. చేసేదే నత్తల పని మరి! ఎప్పుడో సముద్రం ఉన్నచోట ఇప్పుడు సున్నపురాయి ఉంది. ఆ రాయిలో ఇరుక్కుని తామూ రాయైపోయిన నత్తలను సూదితో గీకి గీకి బయటికి తీయాలి. గోరంత నత్తకు నెలలు పడుతుంది. రాళ్ల మీద అంత ఓపికున్న మనిషికి అయినవాళ్ల కోసం ఒక్క పూట దొరకలేదు, అదీ చోద్యం!

చెల్లెలికి ఆపరేషన్ అయినప్పుడు "ఈ ఒక్క నత్త అవగానే వస్తానే" అంది. నత్త బయటికొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోయింది. చెల్లెలు కోలుకుని పనికి కూడా పోతోంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. నత్తమ్మ ఒక్కతే తిని, ఒక్క కంచం కడుక్కుని, మోగని ఫోను ఓసారి చూసుకుని పడుకుంటుంది. తనే చేద్దామంటే నోరు పెగలదు.

ఆ రోజు బల్ల మీదున్నది అరుదైన రకం. ఇంతవరకు దొరికినవాటిలో కొన చెక్కుచెదరనిది అదొక్కటే. అక్కడ సూది ఆనించిందో లేదో, కొన టప్పున విరిగి ఎగిరింది. బియ్యపు గింజంత ముక్క!

ఈ పనిలో ఒక కట్టుబాటుంది. ముక్క ఎగిరితే కదలకూడదు. అడుగు వేస్తే నుగ్గే. కూర్చున్నచోటే కూర్చుని కళ్లతో వెతకాలి. నత్తమ్మ ఊపిరి బిగబట్టి నేలంతా చూస్తోంది.

తలుపు తెరుచుకుంది.

"అక్కా..."

చెల్లెలు! చేతిలో క్యారేజీ.

"ఆగు! లోపలికి రాకు!" అని నత్తమ్మ గావుకేక పెట్టింది.

చెల్లెలి మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్లకి నేనే తగ్గి వస్తే, గుమ్మంలోంచే గెంటేస్తావా?"

"అది కాదే, ముక్క..."

"తెలుసులే. నీకు రాళ్లే అయినవాళ్లు."

క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్లిపోయింది. నాలుగంగలు వేస్తే చెల్లెలు అందుతుంది. లేవవే, లేవవే అని మనసు మొత్తుకుంది. అలవాటు పడ్డ కాళ్లు మాత్రం కదల్లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడినంతసేపూ విని, నత్తమ్మ మళ్లీ నేల వెతకసాగింది.

ముక్క నేల మీద లేదు. తన ఏప్రాన్ జేబులోనే ఉంది. పరుగెత్తి ఉన్నా దానికేమీ అయ్యేది కాదు.

జిగురు పెట్టి అతికించింది. అతుకు కనపడనే లేదు. చెల్లెలికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. క్యారేజీ విప్పింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది, ఇద్దరికి సరిపడా. చెంచాలు కూడా రెండున్నాయి. నత్తమ్మ ఒకటి తీసి పక్కన పెట్టి, ఏడుస్తూ తింది.