పులికాట్ గాలి తాగిన పొడి

ఎవరూ అడగని తప్పును ఎలిశబెతు తనంతట తానే ఎందుకు చెప్పింది? నాకు ఇప్పటికీ తెలియదు.

తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పరిశోధనశాలలో నేను రికార్డులు చూసేవాణ్ణి. ఎలిశబెతుది వాకాడు. కాంట్రాక్టు మీద ఏడేళ్లుగా జియోలైట్ పొడి తూచేది. అది కంటికి ఆనని రంధ్రాలున్న ఖనిజం. గొట్టంలో నింపి, బాగా వేడి చేసి, మీథేన్ పంపితే కొంత బెంజీన్‌గా మారి వస్తుంది. పొయ్యిలో మండే వాయువు రంగులకూ మందులకూ ముడిసరుకు అవుతుంది.

ఆమె తూచే తీరు చూడాలి. ఊపిరి బిగబట్టి, చెంచా అంచును చూపుడువేలితో తట్టేది. ఒక్కో తట్టుకు నాలుగు రేణువులు, అంతే.

ఒక వారం, మా శాస్త్రవేత్త వాణి మేడమ్ మూడేళ్లు శ్రమపడి చేసిన పొడికీ, బయట కొన్న పొడికీ పోటీ. నెగ్గినదే పెద్ద రియాక్టరులోకి పోతుంది. వాణి పొడి పదో వంతు ఎక్కువ బెంజీన్ ఇచ్చింది. ఆపరేటరు పెంచలకృష్ణ మైసూర్‌పాక్ తెచ్చాడు. డబ్బా తెరుస్తుండగా ఎలిశబెతు గొంతు వినిపించింది.

"ఆ లెక్క తప్పు మేడమ్."

అందరం తిరిగి చూశాం.

"సోమవారం ఏసీ చెడిపోయి కిటికీలు తీసినారు గదా. కొన్న పొడి సీసాకు మూత పెట్టకుండా అన్నానికి పోయినా. గంటసేపు పులికాట్ గాలి తాగింది. వచ్చి అట్నే తూచినా. మిగిలింది ఈ పొద్దు ఓవెన్లో ఆరబెట్టి చూస్తే బరువు తగ్గింది. మీ పొడి పొద్దున్నే తూచినా, దానికి తేమ తగల్లా."

"అంటే గొట్టంలో కొన్న పొడి తక్కువ పడిందా?" అంది వాణి.

"అవును మేడమ్. పొడితో పాటు నీళ్లు తూగినాయి."

"స్వీటు తిన్నాక చెప్పుండొచ్చు గదక్కా!" అన్నాడు పెంచలకృష్ణ.

ఎవరూ నవ్వలేదు. ఎలిశబెతే నవ్వి, "తినబ్బయా, అదేం పాపం చేసింది?" అంది.

వాణి నా రిజిస్టరు లాక్కుని, తన గెలుపు మీద తానే గీత కొట్టి సంతకం చేసింది.

"మళ్లీ తూచక్కా. రెండూ నువ్వే తూచు."

రెండోసారి కొన్న పొడే కాస్త ముందుంది. రియాక్టరులోకి అదే పోయింది. తూచే మనిషిని మార్చమని పైనుంచి మాట వచ్చింది.

"నేను మాట్లాడతా, సాయంత్రం దాకా ఉండక్కా," అని వాణి మేనేజరు గదికి వెళ్లింది. ఎలిశబెతునే ఉంచేలా సాయంత్రానికి ఒప్పించి, పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది.

తూకం గదిలో కిటికీలు వేసి ఉన్నాయి. సీసాలన్నిటికీ మూతలు బిగించి ఉన్నాయి. కడిగిన చెంచా గుడ్డ మీద బోర్లించి ఉంది. ఎలిశబెతు ఎవరికీ చెప్పకుండా మూడు గంటల బస్సుకే వెళ్లిపోయింది.