ఎడమవైపు మినారు

పొద్దున ఆరున్నరకు లింగంపల్లిలో బీదర్ బస్సు ఎక్కాం. నేను, మా ఆయన, ఆయన కెమెరా సంచి, నా రంగుల పెట్టె. పెళ్లైన కొత్తలో ఒకసారి బీదర్ చూశాం. అప్పుడు ఆయన రీలు కెమెరాతో తీసిన ఫొటోను ఈమధ్య నీటి రంగుల్లో బొమ్మగా వేశాను. పాత మదర్సా ముందు నేను నిలబడి ఉంటాను, చూసేవాళ్లకు ఎడమపక్క మినారు. గోడమీద మిగిలిన పింగాణీ పలకల నీలం మాత్రం ఎన్నిసార్లు కలిపినా కుదరలేదు. కళ్లారా చూసి కలుపుకుందామని ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

వెళ్లాలనుకునే ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. రాష్ట్ర సరిహద్దు దాకా జీరో టికెట్, అక్కడినుంచి డబ్బులు. కూర్చున్న సీటు ఒకటే, టికెట్లు రెండెందుకో నా బుర్రకు ఎక్కలేదు. కండక్టర్ రెండుసార్లు చెప్పి, మూడోసారి మా ఆయన వైపు తిరిగాడు.

"సారూ, జర మీరే సమజ్ చేయుండ్రి."

మనసు చివుక్కుమంది. మా అమ్మ చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో నన్నే "ఎవరమ్మా నువ్వు" అని అడిగింది. అప్పటినుంచి ఏ మాటైనా నాకు తిరిగి చెప్పాల్సి వస్తే, నాకూ మొదలైందేమోనని భయం పట్టుకుంటుంది.

జహీరాబాద్‌లో ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లు, చాయ్ మాత్రం బాగుంది. పదిన్నర ప్రాంతంలో బీదర్‌లో దిగగానే మా ఆయనకు కెమెరా సెల్లులు ఇంట్లో మరిచిన సంగతి గుర్తొచ్చింది. ఆయన మరిస్తే నవ్వులాట, నేను మరిస్తే గండం.

"నువ్వు పొయ్యి మొదలుపెట్టు, నేను సెల్లులు కొనుక్కొని వస్త" అన్నాడు.

ఆటోలో మదర్సా దగ్గర దిగాను. ఎదురుగా గడ్డి మీద కూర్చొని బొమ్మ విప్పి తలెత్తితే, మినారు కుడిపక్క ఉంది. ఎడమపక్క ఏమీ లేదు. తప్పు వైపు కూర్చున్నానేమోనని కట్టడం చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. అక్కడినుంచి మినారు ఎడమకు వచ్చింది కానీ పలకలున్న గోడ మాయమైంది. మళ్లీ ముందుకొచ్చాను. మళ్లీ కుడిపక్కే. ఆరోజు ఎడమ మినారు నీడ నా కాళ్లమీద పడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మరి ఇదేమిటి?

గోడ పక్క నీడలో తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. పోయి అడిగాను.

"పెద్దాయనా, ఆ ఎడమ మినారు ఎప్పుడు పడిపోయింది?"

"అది పడి వందల యేండ్లాయె. మా తాతలు గూడ చూడలె."

"నేను చూశానే!"

ఆయన నా ముఖంలోకి చూసి, తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. "ఎండ మస్తుగున్నది. జర నీడకు కూసో బేటీ."

ఆ జాలితో నాకు ఖాయమైపోయింది, అమ్మ జబ్బే నాకూ వచ్చింది. మా ఆయన వచ్చేసరికి బొమ్మ చుట్టి సంచిలో దాచేశాను. "నీలం దొరికిందా?" అని అడిగితే దొరికిందన్నాను. నిజానికి నీలం వంకే చూడలేదు. ఆయన హుషారుగా ఫొటోలు తీసుకుంటుంటే, పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆలోచిస్తూ వెంట నడిచాను.

మధ్యాహ్నం పాత ఊరి నడుమ ఉన్న చౌబారా బురుజు దగ్గర జొన్నరొట్టె తిన్నాం. పక్కనే చీరల దుకాణంలో తెలుగు మాటలు వినపడితే లోపలికెళ్లాం. దుకాణం ఆమె పేరు కళావతమ్మ, వాళ్ల కుటుంబం తాతల నాటినుంచి అక్కడే వ్యాపారం చేస్తోందట. చీర తీసి చూపిస్తూ నా సంచిలోంచి బయటికొచ్చిన కాగితం చుట్ట చూసింది.

"ఏందక్క అది, చూపియ్యి."

మొహమాటంతో విప్పాను. ఆమె తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిగేసినవ్. గని ఈ పిల్ల కొంగు కుడి బుజం మీదికెల్లి ఎనకకేసుకున్నదేంది? మార్వాడోళ్లు కుడిదిక్కే ఏస్తరు గని, వాళ్లది ముందుకొస్తది. ఇట్ల ఎవ్వలు కట్టరక్క."

ఆ పిల్ల నేనే. ఆ కొంగుకు మడతలన్నీ దిద్ది దిద్ది వేసిందీ నేనే. మా ఆయన ఫోన్లో ఉన్న ఆ పాత ఫొటో తెరిపించి చూశాను. అందులోనూ కొంగు కుడి భుజం మీదే ఉంది. పాత నెగటివ్‌లన్నీ ఒక ఫోన్ వెలుగు మీద పెట్టి, ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసింది ఆయనే.

"రీలు తిర్లేసి పెట్టిన గావచ్చు, కుడి ఎడమైంది" అన్నాడు మెల్లగా.

ఏడుపు, నవ్వు ఒకేసారి తన్నుకొచ్చాయి. పాపం కళావతమ్మ కంగారుపడి చాయ్ తెప్పించింది. "కొంగు కోసం గింత ఏడుస్తరా అక్క? తాగు."

సాయంత్రం రైల్లో కిటికీ దగ్గర సీటు దొరికింది. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు. పొద్దటినుంచి పడ్డ భయమంతా చెప్పాను.

"అప్పుడే చెప్పొద్దా? నీ మతి బరాబరున్నది. ఆగమైంది నా తెలివి" అన్నాడు.

గుండెల మీంచి బండ దింపినట్టయింది. జహీరాబాద్ దాటాక మళ్లీ తికమక మొదలైంది. మినారు ఎడమన లేనే లేనప్పుడు, నా కాళ్లమీద పడ్డ ఆ నీడ ఎక్కడిది? బహుశా బొమ్మలో నేను వేసిన నీడే అయ్యుంటుంది. ఫొటో తిరగబడితే దానితోపాటు నా జ్ఞాపకమూ తిరగబడింది. ఆయన నెగటివ్‌ల డబ్బా మొత్తం అలాగే తీశాడు. అందులో అమ్మ ఫొటో కూడా ఉంది. దాన్ని చూసి నేను వేసిన బొమ్మే ఇప్పుడు హాల్లో వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా అచ్చం అమ్మే అంటారు.

"మా అమ్మ పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉండేది?" అని అడిగాను.

"బొమ్మల ఉన్నట్టే, ఎడమ..." అని ఆగిపోయాడు.

కళ్లు మూసుకున్నాను. అమ్మ రాలేదు. బొమ్మే వచ్చింది. ఎంత తోసినా అదే వచ్చింది. చిన్నప్పుడు అమ్మవైపు తిరిగి పడుకొని ఆ మచ్చను వేలితో రాస్తే గాని నాకు నిద్ర పట్టేది కాదు. అలా ఒత్తిగిల్లినట్టు ఊహించుకోగానే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచి, ఎదురుగా ఉన్న మా ఆయన చెంపను తాకింది.

"కుడి చెంప" అన్నాను.