నాపరాయిలో అలలు

పొద్దున ఫోన్‌లో ఒక వీడియో చూశాను. సముద్రం ఒడ్డున బడిపిల్లలు నక్షత్ర చేపను అరచేతిలో పెట్టుకుని పాఠం నేర్చుకుంటున్నారు.

మన ఆళ్లగడ్డ బడి వరండాలో గీతలు గీతలుగా ఉండే నాపరాయి గుర్తుందా? సైన్సు సారు దానిమీద చెంబెడు నీళ్లు పోసి మనచేత తడిమించారు.

"ఒకప్పుడు ఈడంతా సముద్రమే అప్పా. ఇవి దాని అలలే."

మన ఖాసిం వంగి రాయిని నాకాడు. "ఉప్పగా లేదు సార్, అబద్ధం చెప్తాండారు!"

"అయితే పెద్దయినాక పోయి అసలు సముద్రం చూసి రాపో" అన్నారు సారు.

వాడు పోలేదు. రాళ్ల పాలిష్ పనిలో దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, పోయిన నెల చనిపోయాడు. సమాధి మీద నాపరాయే పరిచారు. నిన్న వెళ్లి దానిమీద నీళ్లు పోశాను. అలలు తేలాయి.

ఉప్పగా లేదని చెప్పడానికి వాడు లేడు.