పెద్దమ్మ కడిగిన స్విచ్చులు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, మనిషి గొప్పతనం అతని కీబోర్డు చప్పుడును బట్టి తెలిసిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అందులో కొంత నిజం లేకపోలేదని ఇప్పటికీ లోలోపల అనిపిస్తూనే ఉంటుంది. విడవలూరు అవతల సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ ఒకదానిలో నాకు మొదటి ఉద్యోగం. తొట్లలో నీళ్ళ ఉప్పదనం ఎంత, వేడి ఎంత, పిల్లలు మేత తిన్నాయా లేదా అన్నది కంప్యూటర్లో ఎక్కించాలి. ఆఫీసు కీబోర్డు ఉప్పుగాలికి పాడైపోయి, కొట్టిన అక్షరం రాకుండా, కొట్టని అక్షరం తనంతట తానే వచ్చేది (మా మేనేజరు గారూ అంతే, పిలిస్తే వచ్చేవారు కాదు, పిలవనప్పుడు వచ్చి వెనక నిలబడేవారు). ఆ విసుగులో ఇంకో కీబోర్డు కోసం వెతుకుతుంటే మెకానికల్ కీబోర్డుల లోకం నా కంటపడింది. అంతే, ఒడ్డున ఉన్నవాణ్ణి కాస్తా నిండా మునిగిపోయాను.

ఏం లోకమండీ అది! ఒక్కో మీటకూ కింద ఒక్కో స్విచ్చు, దానికొక స్ప్రింగు. ఏదైనా నచ్చకపోతే పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. వేలికి బరువుగా ఉండేవి, తేలికగా ఉండేవి, టకటకలాడేవి, వాన మొదటి చినుకుల్లాగా మెత్తగా మోగేవి, ఎన్ని రకాలో. ఒక మీటకు మనం చెప్పిన వాక్యం మొత్తం నేర్పవచ్చు. నేను 'నీళ్ళు మార్చాం, పిల్లలు హుషారుగా ఉన్నాయి' అని ఒకదానికి నేర్పి, ఒకరోజు ఖాళీ తొట్టి గురించి కూడా అదే పంపించి చివాట్లు తిన్నాను. ఇంకెవరో పుణ్యాత్ముడు, మనం టైపు చేస్తుంటే తెర మూల కూర్చుని డప్పు కొట్టే పిల్లిని తయారుచేసి ఊరికే పంచిపెట్టాడు. నేను ఆ పిల్లిని తీసేసి పీతను పెట్టాను. ఎంత వేగంగా కొడితే అది అంత వేగంగా అడ్డంగా నడిచేది. సముద్రం మీద చేపల వేట నుంచి వచ్చిన మా నాన్న తల కూడా తుడుచుకోకుండా నా పక్కన కూర్చుని, "ఇంకొంచెం కొట్టరా, ఆ చివర దాకా పోనీ దాన్ని" అనేవాడు. అంత పెద్దాయన్ని అలా నవ్వించిన వస్తువు మీద నాకు భక్తి కలగక ఏమవుతుంది?

ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఫోనులో ఒక గుంపుగా ఉండేవారు. అందులో అందరికీ గురువు మద్రాసు అన్న. ముఖం ఎప్పుడూ చూపించడు. రెండు చేతులూ, ఒక కీబోర్డూ, ఆ చప్పుడూ, అంతే ఆయన వీడియో. ఆయన మెప్పు కోసం నేను పడని పాటు లేదు. ఒకరోజు గుంపులో స్విచ్చులు విప్పి, లోపల సన్నగా గ్రీజు రాసి, మళ్ళీ బిగించడం గురించి మాటలు వచ్చాయి. రాస్తే స్విచ్చు వెన్నలా కదులుతుంది. 'అది నాకు కొట్టిన పిండి' అని రాసేశాను. అప్పటికి నేను చేసినవి మొత్తం ఆరు. వాటిలో రెండు మళ్ళీ లేవలేదు. మర్నాడే మద్రాసు అన్న ఫోను చేశాడు. "తంబీ, నా దగ్గర పాత స్విచ్చులు తొంభై ఉన్నాయి. వీటిని తయారుచేయడం ఎప్పుడో ఆపేశారు, ఇంక యాడా దొరకవు. నా కళ్ళు మునుపటిలా లేవు, నువ్వు చేసిపెట్టు. ఆదివారం ఇక్కడ మనవాళ్ళంతా కలుస్తున్నాం, అప్పటికి తీసుకురా." దొరకవు అన్న మాట నా చెవిలో పడలేదు. మనవాళ్ళంతా అన్నది మాత్రం పడింది.

సోమవారం పార్సిలు వచ్చింది. ఆ సాయంత్రమే తొంభై స్విచ్చులూ విప్పి పారేశాను. కింది డొప్పలు ఒక పళ్ళెంలో, పై మూతలు ఇంకో పళ్ళెంలో, స్ప్రింగులు గిన్నెలో, మధ్యలో కదిలే కాడలు అమ్మ కూర చేసే దబరలో. గురువారానికి ఇరవై పూర్తయ్యాయి. అవీ వెన్నలా కదల్లేదు, బురదలో కాలు దిగబడ్డట్టు కదిలాయి. తొందరపడేకొద్దీ గ్రీజు ఎక్కువ పడేది, ఎక్కువ పడేకొద్దీ తొందర పెరిగేది. మళ్ళీ దొరకవన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నమ్మి పంపిన వస్తువును నాశనం చేశానని భయంతో అన్నం సహించలేదు. అమ్మ నా ముఖం చూసి, ఎదురింటి పెద్దమ్మతో చెప్పుకుని బాధపడిందట.

పెద్దమ్మ అంటే సొంత పెద్దమ్మ కాదు, వరసకి. ఇరవై ఏళ్ళుగా షెడ్డులో రొయ్యలు వలుస్తోంది. ఆమె చేతిలో రొయ్య ఎప్పుడు తల వదిలిందో, ఎప్పుడు తొక్క వదిలిందో చూసేవాడికి తెలియదు. శుక్రవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు చేటలో, తెల్లటి పంచె మీద, మద్రాసు అన్న స్విచ్చులు ఆరుతున్నాయి.

"పెద్దమ్మా! ఏం చేసినావు?" అని అరిచాను.

"కడిగినాను" అంది ఆమె తాపీగా. "ఆ జిడ్డేంది అబ్బయ్యా, అంత పూసినావు? మా షెడ్డులో ఏదైనా బల్ల మీదికి రావాలంటే ముందు కడగాల్సిందే. నువ్వు బిగించినవి కూడా విప్పి కడిగినా."

"ఉప్పు నీళ్ళతోనా?"

"నేనేమన్నా పిచ్చిదాన్నా? తాగే నీళ్ళతోనే. స్ప్రింగులు తడపలేదు, గుడ్డతో తుడిచినా. తుప్పు సంగతి నువ్వు నాకు చెప్తావా?"

ఏడుద్దామని కూర్చున్నవాణ్ణి ఒక కాడ తీసి చూశాను. కొత్తదానిలా ఉంది. నేను నాలుగు రోజులు పూసిన దరిద్రమంతా పోయింది. "ఇప్పుడు చెప్పు, ఎట్టా రాయాలో ఒక్కటి చూపించు" అంది పెద్దమ్మ. చూపించాను. నా చేతిలోంచి కుంచె లాక్కుంది. ఆ రెండు రోజులూ షెడ్డుకు సరుకు రాలేదు కాబట్టి నేను బతికిపోయాను. ఆమె వేళ్ళను చూస్తూ కూర్చున్నాను. కుంచె తగిలిందా లేదా అన్నట్టు తగిలేది, మూత టక్కున పడేది, ఇంకోటి చేతిలోకి వచ్చేది. ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, మూడింటిని పక్కన పెట్టింది. "ఇవి బాగలేవు."

"అన్నీ ఒకటే పెద్దమ్మా, ఒకే కంపెనీవి."

"ఒకే గుంటలో పట్టిన రొయ్యలన్నీ ఒకటేనా?"

ఆదివారం మద్రాసులో ఒక మేడ మీద గదిలో ఇరవై మంది దాకా చేరారు. ఎవరి కీబోర్డు వాళ్ళు గుడ్డలు చుట్టి, పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చారు. మద్రాసు అన్న మెడలో కళ్ళజోడు వేసుకున్న బక్కపల్చటి మనిషి. ఎనభై ఏడు స్విచ్చులు ఒక్కొక్కటే కీబోర్డులో గుచ్చి, టైపు చేసి, కళ్ళు మూసుకున్నాడు. అంత అందమైన చప్పుడు నేను అప్పటిదాకా వినలేదు. తర్వాత నేను విడిగా తెచ్చిన ఆ మూడూ నొక్కి చూశాడు. "ఈ మూడింటి మీద నాకూ అనుమానమే. ఎట్లా కనిపెట్టావు? అన్నీ నువ్వే చేశావా?"

"నేనే అన్నా" అన్నాను. ఆలోచించడానికి వ్యవధి కూడా తీసుకోలేదు.

"అయితే ఒక్కటి ఇక్కడ చెయ్యి తంబీ, మావాళ్ళు నేర్చుకుంటారు" అని కుంచె చేతికిచ్చాడు. ఇరవై తలలు నా మీదికి వంగాయి. మొదటి బొట్టు బల్ల మీద పడింది, రెండోది నా ప్యాంటు మీద. మూడోది స్విచ్చులో పడింది గానీ, కీబోర్డు మొత్తానికి సరిపోయేంత పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "నేను కాదన్నా" అన్నాను, తల వంచుకుని. "మా ఎదురింటి పెద్దమ్మ చేసింది. రొయ్యలు వలుస్తుంది."

ఆయన కోప్పడలేదు. "ఫోను కలుపు" అన్నాడు. వీడియోలో పెద్దమ్మ కనిపించింది, చేతినిండా చేపల పొలుసు. "ఎవురు నాయనా వీళ్ళంతా? రొయ్యల బేరమా?" అంది. సంగతి చెప్పాక చెయ్యి కడుక్కుని వచ్చి, ఉత్త వేళ్ళతోనే గాలిలో చూపించింది. "కాడకి తగిలీ తగలనట్టు రాయాల. మెరవాల, తడవగూడదు. అంతే." పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసే ఇరవై మంది ఆ చిన్న తెర చుట్టూ మూగి, ఆ వేళ్ళనే చూస్తున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమెను చూసి గర్వంగా ఉంది, నన్ను నేను తలుచుకుంటే సిగ్గుగా ఉంది. తిరుగు రైల్లో గూడూరు దాటేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు.

నెల తిరక్కుండా మద్రాసు నుంచి ఇంకో పార్సిలు వచ్చింది. పైన పెద్దమ్మ పేరుంది. లోపల డెబ్భై స్విచ్చులు, ఒక గ్రీజు డబ్బా, పిల్లితోకంత మెత్తటి కొత్త కుంచె. ఆమె పార్సిలు పెట్టెను ఇటు తిప్పి, అటు తిప్పి, అడుగున కూడా వెతికి, "నీకేం రాలేదా అబ్బయ్యా?" అని అడిగింది. పాపం, నిజంగానే బాధపడి అడిగింది.

"రాలేదు పెద్దమ్మా."

"పోనీలే" అని పళ్ళెం నా వైపు జరిపింది. "మూతలు నువ్వు తియ్యి, గ్రీజు నేను రాస్తా."

డెబ్భై మూతలూ తీశాను. ఒక్కటీ విరగలేదు. ఈ పని నేనే చేశానని నిజాయితీగా చెప్పుకోగలిగింది అప్పుడే.